పదమూడు వరుసల గది

1962 ఫిబ్రవరిలో పోలండ్‌లోని ఒపోలె పట్టణంలో టికెట్టు కొనుక్కుని నాటకానికి వెళ్ళినవాళ్ళకి లోపల కుర్చీల వరుసలు కనిపించలేదు. తెర లేదు, ఎత్తైన వేదిక లేదు. గది నిండా ఆసుపత్రి మంచాలు, ఒకదాని మీద ఒకటి బిగించిన ఇనుప మంచాలు. కొందరు వాటి మీదే కూర్చున్నారు. కొందరు వాటి మధ్య వేసిన కుర్చీల్లో సర్దుకున్నారు. నటులు అవే మంచాలెక్కి, వాటి మీంచి దూకి, వాటి చుట్టూ తిరుగుతూ ఆడారు. డాక్టరు వేషధారి గదంతా కలయజూశాడు. అతని లెక్కలో అక్కడున్న ప్రతి ఒక్కరూ రోగే.

ఆ నాటకం పేరు ‘కోర్డియన్’. ఆ గది పేరు ‘పదమూడు వరుసల నాటకశాల’. ఒకప్పుడు అందులో పదమూడు వరుసల కుర్చీలుండేవి కాబట్టి ఆ పేరు. కుర్చీలు పోయాయి, పేరు మిగిలింది. 1962లోనే దానికి ముందు ‘ప్రయోగశాల’ అన్న మాట చేరింది. ఆ ఫిబ్రవరి నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ దాకా, ఏడాదికి రెండు నెలలు ఎక్కువ, ఆ గదిలో మూడు కొత్త నాటకాలు పుట్టాయి: ‘కోర్డియన్’, ‘అక్రోపోలిస్’, ‘డాక్టర్ ఫాస్టస్ విషాద చరిత్ర’. ఇరవయ్యో శతాబ్దపు రంగస్థలం మీద ఈ మూడింటి ముద్ర ఎంత లోతుగా పడిందో చాలామంది రాశారు. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ముద్ర గురించి కాదు, ఆ పని గురించి. ఏ పలకను ఎక్కడ వేశారు, ఎన్ని గొట్టాలు వాడారు, చూసేవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టారు అన్న సంగతుల గురించి.

ఎందుకంటే ఈ నాటకాల దర్శకుడు యెర్జీ గ్రొటోవ్‌స్కీ తర్వాతి కాలంలో ఒక గురువుగా, దాదాపు ఒక స్వామిగా పేరుపడ్డాడు. ఆయన పేరు ఎత్తగానే పవిత్ర నటుడు, ఆత్మార్పణ లాంటి పెద్ద మాటలు ముందుకొస్తాయి. ఆ మాటల వెనక ఆయనలోని పనిమంతుడు కనపడకుండా పోతున్నాడని నాకు చాలాకాలంగా బాధ. 1959లో ఆ గదికి వచ్చేసరికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. పిలిచింది మాత్రం మరొకరిని. లుద్విక్ ఫ్లాషెన్ అనే సాహిత్య విమర్శకుడికి ఆ నాటకశాల బాధ్యత అప్పగిస్తామన్నారు. ఆయన తనకి నాటకం నడపడం రాదని గ్రహించి గ్రొటోవ్‌స్కీని పిలిచి దర్శకత్వం అప్పజెప్పాడు, తాను సాహిత్య సలహాదారుగా ఉండిపోయాడు. నాటకరంగంలో ఇంత తెలివైన తప్పుకోవడం మరొకటి నాకు తెలియదు. ఒపోలె 1945 దాకా జర్మన్ల చేతిలో ఉన్న ఊరు. యుద్ధం తర్వాత పోలండ్‌లో కలిసింది. వార్సాకీ క్రాకోకీ ఉన్న నాటక సంప్రదాయం దానికి లేదు. రాజధాని విమర్శకులు రోజూ వచ్చి చూసే చోటు కాదు. కొన్ని రాత్రులు గుప్పెడు మంది ముందే ఆడారు. ఆ ఏకాంతం వాళ్ళకి కలిసొచ్చిందనే నా నమ్మకం.

మూడు నాటకాల్లోకి వెళ్ళే ముందు రెండు అడుగులు వెనక్కి వెయ్యాలి. 1960 డిసెంబరులో ఆ గదిలో ఆడింది మన కాళిదాసు. ‘శాకుంతలం’. నాటకశాలకి యెర్జీ గురావ్‌స్కీ అనే యువ వాస్తుశిల్పి వచ్చి చేరింది ఆ నాటకంతోనే. దుస్తులకి బొమ్మలు గీసింది ఊళ్ళోని చిత్రకళా పాఠశాల పిల్లలు. ప్రేక్షకుల్ని రెండు వైపులా ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఆట నడిపి, ప్రేక్షకుల వీపుల వెనక ఇద్దరు యోగుల్ని పెట్టి మాట్లాడించారు. ప్రాచీన భారతీయ నాటకమంటే సంకేతాల నాటకమని, చెయ్యి కదిపితే చెట్టూ అడుగు కదిపితే అడవీ అని అక్కడివాళ్ళకి ఉన్న ఊహ ఆధారంగా ఒక కృత్రిమ భంగిమల భాషని తయారుచేసుకున్నారు. అది మన నాట్యశాస్త్రం కాదు, కానక్కర్లేదు కూడా. ఆ ప్రదర్శనలో గురావ్‌స్కీ, గ్రొటోవ్‌స్కీ కలిసి కనిపెట్టిన సంగతి ఒకటుంది: నాటకం మొదలయ్యేది రచన దగ్గర కాదు, చూసేవాడు కూర్చునే చోటు దగ్గర. ఆరు నెలలకి, 1961 జూన్‌లో, పోలిష్ కవి మిత్స్క్యేవిచ్ ‘పితరులు’ నాటకానికి కుర్చీల్ని గది నిండా చెదరగొట్టి, వాటి మధ్య నటుల్ని తిప్పారు. పోలిష్ సాహిత్యంలో అత్యంత గంభీరమైన స్వగతాన్ని జిగ్మున్త్ మోలిక్ భుజాన చీపురుకర్ర మోస్తూ, క్రీస్తు సిలువ మోసిన దారిలా, పడుతూ లేస్తూ చెప్పాడు. చీపురు చూస్తే నవ్వొస్తుంది. మోసేవాడి చెమట చూస్తే నవ్వు ఆగిపోతుంది. క్రాకో విమర్శకుడు కుద్లిన్‌స్కీ ఈ పద్ధతికి ఒక పేరు పెట్టాడు. ఎగతాళి చెయ్యడం, నెత్తిన పెట్టుకోవడం ఈ రెండింటి పెనుగులాట అన్నాడు. గ్రొటోవ్‌స్కీ ఆ పేరుని సంతోషంగా తీసుకున్నాడు.

‘కోర్డియన్’లో ఆ పెనుగులాట ఒక గదికి సరిపడా పెరిగింది. యూలియుష్ స్వోవాత్స్కీ 1834లో అచ్చువేసిన ఈ కావ్యనాటకం పోలండ్‌లో బడికెళ్ళిన ప్రతివాడికీ తెలిసిందే. దేశం కోసం రష్యా జారుని చంపడానికి బయలుదేరిన యువకుడు, తీరా పడగ్గది గుమ్మం దగ్గర తన భయం, తన ఊహ తనని పట్టి నిలిపేస్తే కుప్పకూలిపోతాడు. మూలంలో పిచ్చాసుపత్రిలో జరిగే రంగం ఒక్కటే. గ్రొటోవ్‌స్కీ ఆ ఒక్క రంగాన్ని నాటకం మొత్తానికి ఇల్లుగా చేశాడు. ఆల్ప్స్ పర్వతాలు, పోప్ కొలువు, పట్టాభిషేకం అన్నీ ఆ ఇనుప మంచాల మధ్య జరిగే జ్వరపు కలవరింతలయ్యాయి. మూల రచనలో కోర్డియన్ మాం బ్లాం శిఖరం మీద నిలబడి తన ప్రాణాన్ని జాతికి ధారపోస్తానని ప్రకటిస్తాడు. ఒపోలె గదిలో అతను మంచానికి కట్టేసి ఉన్నాడు, డాక్టరు అతని నరం కోసి రక్తం తీస్తున్నాడు. రక్తం ఇస్తానన్న మాట నోట్లోంచి వస్తోంది, రక్తం చేతిలోంచి పోతోంది. కవితలో ఉత్ప్రేక్షగా ఉన్నదాన్ని వైద్యుడి కత్తిమొన మీద నిలబెట్టడం చూడండి. కోర్డియన్‌గా వేసిన జ్బిగ్నెవ్ త్సిన్‌కూతిస్ ఆ మాటల్ని వెటకారంగా చెప్పలేదు, నిండు విశ్వాసంతోనే చెప్పాడు. అందుకే ప్రశ్న ప్రేక్షకుడి మీద పడుతుంది. తనూ అదే వార్డులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇతను పిచ్చివాడైతే తను ఎవరు? ఇతని వెర్రి త్యాగమే అయితే తను ఏం చేస్తున్నట్టు?

ఇది చాలా గట్టి ఊహ. అయినా ‘కోర్డియన్’లో ఒక లోటుందని నాకు అనిపిస్తుంది. ప్రేక్షకుణ్ణి రోగి అన్నారు గానీ, రోగిగా ఏం చెయ్యాలో అతనికి తెలియదు. పాత్ర ఇచ్చి మాటలు ఇవ్వనట్టు. ఇబ్బందిపడే ప్రేక్షకుడు నాటకాన్ని మరచి తన ఇబ్బందినే చూసుకుంటాడు. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన నాటకంలో ఆ తప్పు దిద్దుకున్న తీరే వాళ్ళ పనితనానికి నాకు దొరికిన మొదటి సాక్ష్యం.

1962 అక్టోబరులో ‘అక్రోపోలిస్’ వచ్చింది. స్తనిస్వావ్ విస్ప్యాన్‌స్కీ 1904లో రాసిన మూల నాటకంలో క్రాకోలోని వావెల్ కోట చర్చి పోలిష్ జాతికి అక్రోపోలిస్. పునరుత్థాన పండుగ ముందు రాత్రి అక్కడి గోడలకి వేలాడే చిత్రపటాల్లోని మనుషులకీ, శిల్పాలకీ ప్రాణం వస్తుంది. బైబిల్లోని యాకోబు, ఏశావు, ట్రాయ్ నగరపు హెక్టర్, హెలెన్, పారిస్ వచ్చి తమ కథలు మళ్ళీ ఆడతారు. తెల్లారేసరికి రక్షకుడు వస్తాడు. యూరప్ నాగరికత తన సమాధుల తోటలో తనని తాను నెమరువేసుకునే నాటకం అది. గ్రొటోవ్‌స్కీ ఒక్క ప్రశ్న వేశాడు: మన తరానికి ఆ సమాధుల తోట ఏది? జవాబు ఒపోలెకి ఎంతో దూరంలో లేదు. నాజీల మరణశిబిరం ఆష్‌విట్జ్. అక్కడి ఖైదీలు రాళ్ళు మోస్తూ, గొట్టాలు బిగిస్తూ, పని మధ్యలో యాకోబు కథ, హెలెన్ కథ ఆడుకుంటారు. నాటకంలోని మాటలన్నీ విస్ప్యాన్‌స్కీవే. వాటిని కోశారు, తిప్పి అమర్చారు, శిబిరం గురించి సొంతంగా కథ అల్లలేదు.

దుస్తులు, సామాన్లు తయారుచేసింది యూజెఫ్ షైనా. ఆయన చిత్రకారుడు, రంగాలంకరణ చేసేవాడు. ఆష్‌విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఖైదీ. ఈ ఒక్క విషయం తెలిశాక ఆ గోనెసంచుల్ని మామూలుగా చూడలేం. నటులందరికీ ఒకే రకం గోనె బట్ట, దానికి చిరుగులు. చిరుగుల కింద మరో రకం బట్ట అతికించారు, చర్మం చిరిగి లోపలి మాంసం కనిపిస్తున్నట్టు. కాళ్ళకి బరువైన చెక్కబూట్లు, తల మీద టోపీలు. ఆడా మగా తేడా లేదు, వయసు తేడా లేదు. ఖైదు మనుషుల్ని అలా చేస్తుంది కాబట్టి దుస్తులూ అలాగే ఉన్నాయి.

గది మధ్యలో ఒక పెద్ద పెట్టె. దాని మీద తుక్కు సామాను: పొయ్యిగొట్టాలు, రెండు తోపుడుబళ్ళు, ఒక స్నానపు తొట్టె, మేకులు, సుత్తులు. పైన అటూ ఇటూ కట్టిన తాళ్ళు. అంతే. ఫ్లాషెన్ రాసిన వివరణలో ఈ ప్రదర్శనకి పెట్టుకున్న కట్టుబాటు ఉంది: మొదట లేని వస్తువు మధ్యలో లోపలికి రాకూడదు. ఉన్నవాటితోనే అన్నీ జరగాలి. ఇలా ఉన్న కొద్దిపాటి వస్తువులతోనే నడిచే నాటకానికి ‘పేద రంగస్థలం’ అనే మాట పుట్టింది ఈ ప్రదర్శన చుట్టూనే.

ఆ కట్టుబాటు ఎంత పండిందో చూడండి. స్నానపు తొట్టె మొదట తొట్టే. బోర్లిస్తే ప్రార్థన చేసే వేదిక. ఎత్తుగా పెడితే యాకోబు పెళ్ళిమంచం. తోపుడుబండి చాకిరీకి వాడేది, మరుక్షణం శవాలు మోసేది, గోడకి ఆనిస్తే ట్రాయ్ రాజు కూర్చునే సింహాసనం. యాకోబుగా వేసిన మోలిక్ ఒక పొయ్యిగొట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటాడు, దానికి ఒక ప్లాస్టిక్ పేలిక మేలిముసుగులా చుడతాడు, అదే పెళ్ళికూతురు. ఖైదీలందరూ దాని వెనక పెళ్ళి ఊరేగింపుగా పాడుకుంటూ నడుస్తారు. చూసేవాడికి నవ్వు రాదు, ఏడుపూ రాదు. దేవదూతతో యాకోబు కుస్తీ ఇంకా విచిత్రం. దేవదూత తోపుడుబండిలో పడుకుని ఉంటాడు, యాకోబు ఆ బండి కింద మోకరిల్లి దాన్ని వీపు మీద మోస్తూ పెనుగులాడతాడు. దేవుడి పంపున వచ్చినవాడు మొయ్యాల్సిన బరువు, అంతే. హెలెన్, పారిస్‌ల ప్రేమ సన్నివేశం ఇద్దరు మగ ఖైదీల మధ్య జరుగుతుంది, చుట్టూ మిగిలినవాళ్ళు నవ్వుతూ ఉంటారు. పురాణంలో ఉన్న ప్రతి అందమైన ఘట్టాన్నీ శిబిరపు నేల మీదకి దించి, అక్కడ అది ఇంకా బతుకుతుందా అని పరీక్షించారు. కొన్ని బతకలేదు. కొన్ని నమ్మలేనంతగా బతికాయి.

ఈ మొత్తం జరుగుతున్నంతసేపూ మరో పని ఆగకుండా సాగుతుంది. పొయ్యిగొట్టాల్ని ఒక్కొక్కటీ తీసి, తాళ్ళకి కట్టి, నేలకి మేకులు కొట్టి, గది అంతా అల్లుతారు. ప్రేక్షకుల మధ్య నుంచి, వాళ్ళ తలల మీదుగా. కథ ఎటు తిరిగినా ఆ నిర్మాణం పెరుగుతూనే ఉంటుంది. చివరికొచ్చేసరికి గానీ తెలియదు అది దహనశాల అని. తమని కాల్చబోయే కొలిమిని ఖైదీలు తమ చేతుల్తోనే కట్టారు. నాటకాన్ని ముందుకు నడిపే శక్తి సాధారణంగా కథలో ఉంటుంది, ఇక్కడ అది వడ్రంగి పనిలో ఉంది. నాకు తెలిసినంతలో రంగాలంకరణని ఇంత పూర్తిగా కథనంగా మార్చిన నాటకం ఇంకొకటి లేదు. రంగాలంకరణ ముందే సిద్ధం చేసి తెర తీయడం కాదు, అది తయారవడమే నాటకం.

మన సురభివారిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజం చిత్రించిన తెరలతో, గాల్లో తేలే నారదుడితో, కళ్ళముందే మాయమయ్యే వస్తువులతో ప్రేక్షకుణ్ణి పసివాణ్ణి చేస్తుంది. ఒపోలె గది దానికి సరిగ్గా ఎదురు దిక్కు. ఒకటి కలుపుకుంటూ పోతుంది, ఒకటి తీసేసుకుంటూ పోతుంది. రెంటిలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అనే మాట నేను ఒప్పుకోను. తాడు ఎవరు ఎప్పుడు లాగాలో సురభి పిల్లవాడికి ఎంత కచ్చితంగా తెలుసో, ఏ గొట్టం ఏ మాట దగ్గర నేలకి తగలాలో మోలిక్‌కి అంత కచ్చితంగా తెలుసు. నాకు కావలసింది ఆ కచ్చితత్వం.

‘అక్రోపోలిస్’లో సంగీతం రికార్డు మీది నుంచి రాదు. చెక్కబూట్ల చప్పుడు, సుత్తి దెబ్బలు, గొట్టం మీద గొట్టం తగిలిన మోత, ఒక వయొలిన్, మనిషి గొంతులు. మాటలు మామూలు మాటల్లా ఉండవు. కీచు, గొణుగుడు, పూజారి పాట, పసిపిల్లల ముద్దుమాట, జంతువు అరుపు, అన్నీ విస్ప్యాన్‌స్కీ పద్యాల మీదే పలికించారు. ముఖానికి రంగు లేదు. దాని బదులు ప్రతి నటుడూ కనుబొమలు, పెదవులు, నుదురు, చెంపలు ఒక తీరున బిగించి, ఆ బిగింపుని నాటకం పొడుగునా వదలకుండా నిలుపుకున్నాడు. కండరాలతో చేసిన ముసుగు. రెనా మిరెత్స్కా, రిషార్డ్ చెష్లాక్, త్సిన్‌కూతిస్, అంతోనీ యహోల్కోవ్‌స్కీ, మోలిక్ అందరిదీ అదే పని. నవ్వినా ఏడ్చినా ముఖం మారదు, గొంతూ ఒళ్ళూ మాత్రమే మారతాయి. ఒక గంట పాటు అలా ముఖం పట్టి ఉంచడానికి ఎంత సాధన కావాలో అద్దం ముందు రెండు నిమిషాలు ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది.

ప్రేక్షకుడి సంగతికొద్దాం. గదిలో ఎత్తుపల్లాల పలకల మీద ప్రేక్షకుల్ని చెల్లాచెదురుగా కూర్చోబెట్టారు. నటులు వాళ్ళకి అంగుళాల దూరంలోంచి నడిచిపోతారు. ఒక్కసారి కూడా వాళ్ళని పలకరించరు, చూడరు. ‘కోర్డియన్’లో చేసినట్టు పాత్ర ఇవ్వలేదు. వీళ్ళు చచ్చిపోయినవాళ్ళు, మీరు బతికినవాళ్ళు, అంతే. ఆష్‌విట్జ్ తర్వాత బతికి ఉన్నవాడికి చెయ్యగలిగింది చూడటం ఒక్కటే. అందుకని చూడటమే ప్రేక్షకుడి పాత్ర అయింది. అతను చెయ్యాల్సిందీ, చేస్తున్నదీ ఒకటే అయ్యాయి. దగ్గరితనాన్ని స్నేహం కోసం కాకుండా దూరం కోసం వాడుకోవడం, ఇది నన్ను ప్రతిసారీ నిలబెట్టి ఆలోచింపజేసే సంగతి. నటుడు మన మోకాలికి తగిలేంత దగ్గర్లో ఉన్నప్పుడే అతను మన లోకంవాడు కాడని ఎక్కువగా తెలుస్తుంది.

ఆఖరి ఘట్టంలో ఖైదీలకి రక్షకుడు దొరుకుతాడు. అది తల లేని ఒక గుడ్డబొమ్మ, ఎండిన శవంలా వేలాడుతూ ఉంటుంది. దాన్ని పైకెత్తి పట్టుకుని, పాడుకుంటూ, ఆనందంతో ఊగిపోతూ గది చుట్టూ ఊరేగుతారు. పెట్టె మూత తెరుస్తారు. ఒకరి వెనక ఒకరు లోపలికి దిగుతారు. మూత పడుతుంది. లోపలినుంచి ఒక గొంతు వాళ్ళు వెళ్ళిపోయారనీ పొగ లేస్తోందనీ చెబుతుంది. నటులు తిరిగి బయటికి రారు, నమస్కారాలు లేవు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక లేచి వెళ్ళిపోవడమే.

ఇంత మౌనంతో ముగిసిన నాటకం తర్వాత దాన్నే మళ్ళీ చెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్ళు చెయ్యలేదు. 1963 ఏప్రిల్‌లో ఇంగ్లీషు నాటకకర్త మార్లో రాసిన ‘ఫాస్టస్’ వచ్చేసరికి గది మళ్ళీ మారింది. ఈసారి అది మఠంలోని భోజనశాల. గురావ్‌స్కీ గది పొడుగునా రెండు పెద్ద బల్లలు వేశాడు, తల దగ్గర ఒక చిన్న బల్ల. ప్రేక్షకులు ఆ బల్లల వెంట బెంచీల మీద కూర్చుంటారు, విందుకి పిలిచిన అతిథులు. చిన్నబల్ల దగ్గర తెల్లటి వస్త్రాల్లో ఫాస్టస్. తన ఆత్మని రాసిచ్చి సైతానుతో చేసుకున్న ఒప్పందం గడువు ముగియడానికి ఒక గంట ఉంది. ఆ గంటలో తన బతుకు కథని అతిథులకి వడ్డిస్తాడు. కథలోని రంగాలు ఆ బల్లల మీదే, ప్రేక్షకుల ముఖాలకి ఎదురుగా నడుస్తాయి. ఇద్దరు నటులు అతిథుల్లో కలిసి కూర్చుని మామూలు మనుషుల్లా హాస్యరంగాలు నడుపుతారు. సైతాను దూత మెఫిస్టోఫిలిస్ పాత్రని ఒకరు కాదు, మిరెత్స్కా, యహోల్కోవ్‌స్కీ ఇద్దరూ కలిసి వేశారు, ఆడా మగా జంటగా.

ఇక్కడ అతిథికి ఏం చెయ్యాలో తెలుసు. విందుకి పిలిచినవాడి మాట కూర్చుని వినడం అతనికి అలవాటే. ‘కోర్డియన్’లో తడబడ్డ ప్రశ్నకి ఇది రెండో జవాబు. కథానాయకుణ్ణి గ్రొటోవ్‌స్కీ పాపిగా చూడలేదు. దేవుడి మీద తిరగబడ్డ సాధువుగా చూశాడు. సత్యం తప్ప ఏదీ అక్కర్లేనివాడు, ఆ సత్యం కోసం దేవుణ్ణి కూడా ఎదిరించినవాడు. ఈ వ్యాఖ్యానం మార్లో నాటకానికి కొంచెం బిగుతైన చొక్కా అని నా అభిప్రాయం. మూలంలోని ఫాస్టస్ కోతిచేష్టలు, చిల్లర ఆశలు అందులో ఇమడవు. ప్రదర్శన మాత్రం తన తర్కాన్ని చివరిదాకా పట్టుకుంది. బెన్వోలియో అనే పాత్రలో చెష్లాక్ కోపంతో బల్లల పలకలు ఊడబెరికి విరుచుకుపడే ఘట్టంలో అతిథుల ముందున్న విందే కూలిపోతుంది. అంతదాకా మోచేతులు ఆనించి కూర్చున్న బల్ల ఒక్కసారిగా ప్రమాదం అవుతుంది. ఆఖర్న ఫాస్టస్‌ని దయ్యాలు మోసుకెళ్ళేటప్పుడు అతని నోట మాటలుండవు, వేటగాళ్ళకి చిక్కిన జంతువు అరుపు మాత్రమే ఉంటుంది.

చెష్లాక్ గురించి ఒక్క మాట. అతను క్రాకోలో బొమ్మలాట నటుడిగా శిక్షణ పొంది 1961లో ఈ గదికి వచ్చాడు. ఈ మూడు నాటకాల్లో అతను నాయకుడు కాదు. 1965లో ‘స్థిరచిత్తుడైన రాకుమారుడు’ నాటకంతో ప్రపంచం అతన్ని కళ్ళప్పగించి చూసింది. అతనిలోని ఆ నటుడు ఈ గదిలో, ఈ బల్లల మీద, ఈ చెక్కబూట్లలో తయారయ్యాడు. ప్రదర్శన లేనప్పుడు నటులందరికీ రోజూ సాధన ఉండేది. ఒంటికి, గొంతుకి విడివిడిగా. ఒంట్లో ఏ భాగం నుంచి శబ్దం ప్రతిధ్వనించాలో మోలిక్ వెతికేవాడు: తల, ఛాతీ, వీపు. హఠయోగం ప్రయత్నించి, అది నటుణ్ణి లోపలికి ముడుచుకునేట్టు చేస్తోందని గ్రహించి, ఆసనాల్ని కదలికగా మార్చుకున్నారు. గ్రొటోవ్‌స్కీ దగ్గర పని నేర్చుకోవడానికి 1962లో వచ్చిన ఇటలీ యువకుడు యూజీనియో బార్బా 1963లో కేరళ కళామండలానికి వెళ్ళి కథకళి శిక్షణ చూసి, ఆ కళ్ళ కసరత్తుల్ని వాళ్ళకి చెప్పాడు. ఎక్కడిదైనా తీసుకోవడం, పనికొచ్చిందా లేదా ఒంటి మీదే పరీక్షించడం, రానిది వదిలెయ్యడం వాళ్ళ పద్ధతి. పేరుకి తగ్గ ప్రయోగశాల.

ఆ బార్బాయే ఈ గదిని లోకానికి చూపించాడు. 1963 జూన్‌లో వార్సాలో అంతర్జాతీయ రంగస్థల సంస్థ సమావేశం జరిగింది. నాటకశాల అప్పుడు ఊచ్ నగరంలో ‘ఫాస్టస్’ ఆడుతోంది. బార్బా విదేశీ ప్రతినిధుల్ని బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళాడు. వాళ్ళు తమ దేశాలకి తిరిగి వెళ్ళి ఈ నాటకం గురించి చెప్పారు, రాశారు. సొంత ఊళ్ళో కొద్దిమంది చూసిన నాటకం అలా దేశాలు దాటింది. 1965 జనవరిలో నాటకశాల వ్రోత్స్వాఫ్ నగరానికి మారిపోయింది. 1968లో బార్బా సంపాదకత్వంలో గ్రొటోవ్‌స్కీ పుస్తకం ‘పేద రంగస్థలం వైపు’ ఇంగ్లండు దర్శకుడు పీటర్ బ్రూక్ ముందుమాటతో వచ్చింది. గురావ్‌స్కీ గీసిన గది పటాలు అందులో ఉన్నాయి. ఏ నాటకంలో నటులు ఎక్కడ, ప్రేక్షకులు ఎక్కడ అన్నది నల్లచుక్కలూ తెల్లచుక్కలూ తిరగేస్తూ చూస్తే అర్థమవుతుంది. వ్యాసాల కన్నా ఆ పటాలే నాకు ఎక్కువ నేర్పాయి.

మన దేశంలో ఆ పాఠాన్ని సొంతం చేసుకున్నవాడు బాదల్ సర్కార్. ఆయన 1969లో పోలండ్ వెళ్ళి గ్రొటోవ్‌స్కీ పనిని చూశాడు. 1970ల్లో కలకత్తాలో తన ‘శతాబ్ది’ బృందంతో ‘మిఛిల్’, ‘భోమా’ నాటకాల్ని వేదిక దిగి, గదుల్లో, పార్కుల్లో, ప్రేక్షకుల మధ్య ఆడించాడు. అనుకరించలేదు. ఒపోలెలో డబ్బు తక్కువ కాబట్టి పేదరికం సిద్ధాంతమైంది. కలకత్తాలో అదే పద్ధతి టికెట్టు కొనలేనివాడి దగ్గరికి నాటకం నడిచి వెళ్ళడానికి దారైంది. గ్రొటోవ్‌స్కీకి ఈ నేలతో బంధం అంతకు ముందునుంచే ఉంది. చిన్నప్పుడు తల్లి తెచ్చిన పాల్ బ్రంటన్ పుస్తకంలో రమణ మహర్షి గురించి చదివి, జీవితాంతం ఆ ప్రభావం మోశాడు. 1999 జనవరిలో ఇటలీలో కన్నుమూశాక ఆయన అస్థికల్ని తెలుగువాళ్ళకి బాగా తెలిసిన అరుణాచలం కొండ మీద చల్లారు.

‘అక్రోపోలిస్’ని 1968లో టెలివిజన్ కోసం ఇంగ్లండులో చిత్రీకరించారు. నలుపు తెలుపు, పీటర్ బ్రూక్ పరిచయంతో, గంటన్నరకి లోపు నిడివి. ఆ మూడు నాటకాల్లో మనం ఇవాళ పూర్తిగా చూడగలిగింది అదొక్కటే. పోలిష్ రాకపోయినా ఫరవాలేదు, మాటల కన్నా పని మీద కన్ను వేసి చూడండి. కెమెరా కొన్నిచోట్ల ముఖాల దగ్గరికి వెళ్ళిపోతుంది, అప్పుడు వెనకాల ఎవరు ఏ గొట్టం బిగిస్తున్నారో వెతకండి. ఇక తెలుగులో చిన్న బృందాలతో నాటకం వేస్తున్న మిత్రులకి ఒక మనవి. తర్వాతి నాటకానికి ప్రతులు పంచే ముందు, ఆడిటోరియం అద్దె మాట్లాడే ముందు, ఒక ఖాళీ గదిలో నిలబడి చూసేవాడు ఎక్కడ కూర్చుంటాడో, అతను ఎవరో ముందు తేల్చుకోండి. గురావ్‌స్కీలాగా ఒక కాగితం మీద చుక్కలు పెట్టి చూడండి. ఆ పటానికి ఖర్చేమీ కాదు, నాటకం మొత్తాన్ని అది మార్చేస్తుంది.